చూసే ఫీజు ఎనిమిదణాలు

ఆ రోజుల్లో మా ఊళ్ళో కాగితానికి భయపడని మనిషి లేడు. దయ్యం పడితే వేపమండ ఉంది, తేలు కుడితే మంత్రం ఉంది, కాగితం పట్టుకుంటే మాత్రం మూడు తరాల దాకా విడిచేది కాదు. చదువు రాని ఇళ్ళలో కాగితానికి ఒకటే అర్థం, అప్పు. అందుకే ఇప్పుడు మా మనవరాలు ఫోను మీద వేలితో నాలుగుసార్లు గీకి, "అమ్మమ్మా, ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో అంతా ఇందులో కనిపిస్తుంది, చూడు" అంటే నేను ముందుగా అడిగేది "ఎంత పట్టుకున్నాడు?" అని. "ఏమీ లేదు, ఊరికే చూడొచ్చు" అంటుంది. ఊరికే చూడనిచ్చే సర్కారును ఎనభై ఏడేళ్ళ వయసులో కొత్తగా నమ్మడం నా వల్ల కాదు. (ఇంట్లో చాటున నన్ను ఆడిట్ ఆఫీసరు అంటారని నాకు తెలుసు. పాలవాడి లెక్కలో రెండు రూపాయలు తేడా వస్తే నాకు నిద్ర పట్టని మాట నిజమే. ఆ పాలవాడికీ పట్టనివ్వను.) ఆ నమ్మకం పోయింది ఒక ఎనిమిదణాల దగ్గర. ఆ సంగతి చెబుతాను. నవ్వు వచ్చే చోట నవ్వండి. నాకు ఆనాడు రాలేదు, చాలా ఏళ్ళు ఆలస్యంగా వచ్చింది.

మా ఊరు కేతేపల్లికి మూడు కోసుల దూరం. మాకున్నది మూడెకరాల పది గుంటల చెలక. వాన పడితే జొన్న, పడకపోతే రాళ్ళు. అది మా తాత సంపాదించింది. నేను పుట్టకముందే ఆయన పోయాడు. ఇంట్లో మా అవ్వ, బాపు, అమ్మ, నేను, చంకలో తమ్ముడు. పోలీసు యాక్షన్‌కు ముందటి ఎండాకాలంలో మా దొర గడీ విడిచి పట్నానికి పారిపోయాడు, ఆయన వెనకే పట్వారీ కూడా. ఒకనాడు పట్టపగలు, దొరల మీద తిరగబడ్డ సంఘం వాళ్ళు వచ్చి గడీలో ఉన్న కాగితాలన్నీ ముందటి వాకిట్లో కుప్ప పోశారు. అప్పు పత్రాలు, వెట్టి లెక్కలు, వాటితో పాటే పట్వారీ దఫ్తరంలోని పహాణీలు. (ఏ చెలక ఎవరిది, ఎంత, అందులో ఏం పంట అని ఏటేటా రాసే చిట్టాకు పహాణీ అని పేరు. పేదవాడి పేరు సర్కారు రాసుకునే చోటు అదొక్కటే.) అంతటికీ కలిపి నిప్పు పెట్టారు. అంత ఎండలో అంత మంట చుట్టూ ఊరు ఊరంతా ఆడింది. డప్పు తాత డప్పు కొడుతుంటే మా పక్కింటి పెద్దమ్మ కొంగుకు నిప్పంటుకున్నా ఆట ఆపలేదు.

ఆ ఊపులో మా అవ్వ ఇంటికి పరుగెత్తుకొచ్చి, దూలానికి వేలాడే ఉట్టిలోంచి ఒక కుండ దించింది. తాత కాగితాలు అందులో ఉండేవి. అమ్మ అడ్డం వచ్చింది.

"అత్తమ్మా, అవి ఏం కాయితాలో ఏమో. ఆయన వచ్చినంక సూపిద్దాం."

"ఏం కాయితాలైతేందే? కాయితమంటేనే అప్పు. దొర ఇంట్ల కాలంగ మన ఇంట్ల ఎందుకు మిగలాలె? జరుగు!"

కుండ తీసుకుపోయి మంటలో గుమ్మరించింది. జనం ఈలలు వేశారు. అవి ఇరవై రెండేళ్ళుగా తాత, ఆయన తరువాత బాపు, ఆ చెలకకు శిస్తు కట్టిన రసీదులు. చీకటి పడేసరికి ఇంటికి వచ్చిన బాపు ఉట్టి వైపు చూసి, అవేం కాగితాలో చెప్పి, అన్నం తినకుండా వాకిట్లో పడుకున్నాడు. ఖాళీ అయిన కుండలో మర్నాడు అవ్వ చింతపండు పెట్టుకుంది.

తరువాత నిజాం రాజ్యం పోయి యూనియన్ మిలిటరీ వచ్చింది. దొర కూడా వచ్చాడు, పోయినప్పుడు లేని తెల్లటోపీ ఒకటి నెత్తి మీద పెట్టుకుని. మా బడిలో క్యాంపు వేశారు. బాపు సంఘం వాళ్ళకు రెండు పూటలు అన్నం పెట్టడం ఎవరో చూశారట, ఆయన్ను తీసుకుపోయి జైల్లో వేశారు. ఆ నాటి నుంచి మా ఊళ్ళో చూడటం అనే పనే ఆగిపోయింది. ఏదైనా అడిగితే మనుషులు ముందుగా చెప్పే మాట "నేను సూడలే" అని. "వాన పడ్డదా?" అన్నా అదే జవాబు.

మరుసటి ఏడు విత్తనం వేసే వేళకు దొరగారి గుమాస్తా మా ఇంటికి వచ్చాడు. ఎండలేని రోజు కూడా గొడుగు వేసుకు తిరిగేవాడు కనుక మేమాయన్ను గొడుగు గుమాస్తా అనేవాళ్ళం. గుమ్మం బయటే నిలబడి, "ముసలమ్మా, ఈ యేడు చెలకల కాలు పెట్టకుండ్రి. అది దొరది. మీ ముసలాయన అప్పు కింద ఎప్పుడో రాసిచ్చిండు" అన్నాడు. అవ్వ నవ్వింది. "రాసిచ్చిన కాయితం కాలిపోయె గదా అయ్యా" అంది. ఆయన సంచిలోంచి ఒక కాగితం తీసి గాలిలో ఆడించాడు. దొర దగ్గర దానికి ఇంకో ప్రతి పట్నంలో ఉందట. మా కాగితాలు ఒక్కసారే చచ్చాయి, దొర కాగితాలు చచ్చి మళ్ళీ పుట్టాయి. "మరి నీ కాయితమేది?" అని ఆయన అడిగితే అవ్వ చింతపండు కుండ వైపు చూసింది.

తాలూకాలో తహసీల్దారు ముందు పేషీ పెట్టారు. గడువు ఇరవై రోజులు. పహాణీ ఊళ్ళో కాలిపోయినా దాని జత తాలూకా కచేరీలో ఉంటుందని, దాని నకలు తెచ్చి చూపిస్తే చెలక దక్కుతుందని ఎవరో చెప్పారు. అవ్వ మేకపిల్లను అమ్మింది. ఐదు రూపాయలు, నిజాం హాలీ సిక్కా. అమ్మకు చంటిపిల్లవాడు, బాపు జైల్లో. కచేరీ రాతలన్నీ ఉర్దూలో ఉంటాయి, ఇంట్లో ఉర్దూ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. బడి మూతపడేదాకా బాపు నన్ను నాలుగో తరగతి చదివించాడు. అట్లా పన్నెండు నిండని నేను, అరవై దాటిన అవ్వ, సజ్జరొట్టెల మూట, తెల్లవారకముందే బయలుదేరాం.

కచేరీ గోడ వారగా అర్జీలు రాసే మున్షీ ఒకాయన చాప వేసుకుని కూర్చునేవాడు. మాటకూ మాటకూ నడుమ ఒక పట్టు నశ్యం పీల్చేవాడు. అవ్వ చెప్పింది విని, నశ్యం పట్టి, లెక్క మొదలుపెట్టాడు.

"అర్జీకి స్టాంపు ఎనిమిదణాలు. రాతకు నాకు నాలుగణాలు. తలాషు ఏడాదికి నాలుగణాలు."

"తలాషు అంటేంది?"

"వెతుకుడు, అవ్వా. బస్తాలు దించాలె, దుమ్ము దులపాలె, నీ చెలక ఏ బస్తల ఉన్నదో వెతకాలె."

"దొరకకపోతే?"

"దొరకకపోయినా అంతే. వెతికిండ్రు గద."

"నా బర్రె తప్పిపోతే ఊరంత తిరిగి వెతికిపెట్టిండ్రు, ఎవడన్న ఒక్క పైస అడిగిండా? నా పెనిమిటి సంపాదించిన జాగా ఏడున్నదో చెప్తందుకు పైసలా?"

"బర్రె గడ్డి తింటదవ్వా, సర్కారు పైసలు తింటది. ఎవరి మేత వాళ్లది. ఏ యేడుది వెతకాలె, చెప్పు."

అవ్వ దగ్గర ఏళ్ళకు అంకెలు లేవు. "పెద్దెద్దును పాము కరిచిన యేడు" అంది. "అది గాకపోతే మా నడిపిదాని పెండ్లయిన యేడు. గంగమ్మ జాతర్ల తొక్కులాట అయిన యేడు గూడ రాసుకో." మున్షీ కలం ఎత్తి పట్టుకుని నా వైపు చూశాడు. సర్కారు ఏళ్ళను ఫసలీల లెక్కన రాసుకుంటుంది. నేను బాపు చెప్పిన వయసులు, తమ్ముడి పుట్టుక, నా తరగతులు అన్నీ వేళ్ళ మీద కూడి, తీసివేసి, ఎద్దుకొక ఫసలీ, పెళ్ళికొక ఫసలీ, తొక్కులాటకొక ఫసలీ చెప్పాను. "బాగ చెప్పినవ్ బేటీ" అన్నాడు మున్షీ. జీవితంలో నా లెక్కను మెచ్చుకున్న మొదటివాడు ఆయనే. మూడేళ్ళ తలాషు పన్నెండణాలు. ఆ పూటకు మొత్తం రూపాయిన్నర.

లోపల రికార్డులు చూసే పేష్కారు, ఒక కాడ విరిగిన కళ్ళజోడును దారంతో చెవికి చుట్టుకున్న బక్కమనిషి. చెడ్డవాడని చెప్పలేను. మమ్మల్ని కూర్చోమన్నాడు, కుండలోంచి నీళ్ళు తెప్పించి ఇచ్చాడు. రెండు గంటలకు లోపలి గదిలోంచి దుమ్ము కొట్టుకుపోయి వచ్చి, "దొరికింది ముసలమ్మా. పెండ్లయిన యేడులనే ఉన్నది" అన్నాడు.

"నీ కడుపు సల్లగుండ! ఇటియ్యి బిడ్డా" అని అవ్వ రెండు చేతులూ చాపింది.

ఆయన చేతులు వెనక్కు పెట్టుకున్నాడు. "నేనెట్లిస్త? కాయిదా ఉన్నది. కేసు నడుస్తున్న జాగాకు నకలు కావాలంటే మొదలు ఊరి పహాణీ అడగాలె."

"అది కాలిపోయె గదా!"

"కాలిపోయిందని పట్వారీ చిట్టీ తేవాలె. కాలంగ కండ్లార చూసిన సాక్షులను ఇద్దరిని తేవాలె. వాళ్లు వచ్చి వేలిముద్ర పెడితే గడియల నకలు ఇస్త."

అవ్వ ముఖం వెలిగిపోయింది. ఇద్దరేనా? ఊరు ఊరే చూసింది! దారి పొడుగునా ఎవరిద్దరిని తీసుకురావాలి, ఎవరిని తీసుకురాకపోతే ఎవరు అలుగుతారు అని ఆమె బెంగ పడటం నాకు ఇప్పటికీ గుర్తుంది.

దొర వెనకే తిరిగి వచ్చిన పట్వారీ పంతులు ఒక రూపాయి పుచ్చుకున్నాడు. "నేనప్పుడు ఊళ్లో లేను. కాలిందని విన్నానని రాస్తా. చూశానని నేను రాయలేను గదా" అని రాసిచ్చాడు. అంత వరకు న్యాయమే. ఇక సాక్షులు.

ముందుగా పక్కింటి పెద్దమ్మ. ఆమె వాకిలి ఊడుస్తోంది.

"ఏం మంట అక్కా? నాకెరుక లేదు. నేను సూడలే."

"అగో! మరి నీ కొంగుకు గా మాసికేందే? గా మంటల కాలింది గాదూ?"

పెద్దమ్మ కొంగు గబుక్కున నడుముకు చెక్కుకుంది. "పొయ్యికాడ అంటుకున్నది. నువ్వు జర మెల్లగ మాట్లాడు, బడి దగ్గర సిపాయిలున్నరు."

కుమ్మరి మామ ఆనాడు సారె మీద కుండ చేస్తున్నాడట, కుండ మీంచి కన్ను తియ్యలేదట. కోమటి సావుకారు వేడి తగిలింది గాని ఎండ అనుకున్నాడట. మా మేనత్త భర్త, ఆ మామ అయితే తనకు ఆ ఏడంతా కండ్లకలక అన్నాడు. (ఆ ఏడే ఆయన తాటిచెట్టు మీద కల్లుకుండలు ఎన్ని ఉన్నాయో కింద నిలబడి చెప్పేవాడు.) ఆఖరుకు డప్పు తాత దగ్గరికి పోయాం. ఆయన అబద్ధమాడలేదు.

"డప్పు నేనే కొట్టిన అమ్మా, కాదంటలేను. ఊరందరికెరుక. గని వీపు మంట దిక్కు పెట్టి కొట్టిన. సూసింది నా వీపు. దాన్ని తీసుకపోతవా సాక్ష్యానికి?"

"కొంటె మాటలు తర్వాత. వస్తవా, రావా?"

ఆయన నవ్వడం ఆపేశాడు. "నీ కొడుకును తీసుకపోయిండ్రు, నువ్వు బతుకుతున్నవ్. నన్ను తీసుకపోతే నా ముసల్దానికి ఎవరున్నరమ్మా? మంట సూసినంటే, మంట కాడ ఏం చేసినవ్ అంటరు. డప్పు కొట్టిన అని చెప్పాల్నా?"

అవ్వ వెనుదిరిగింది. ఇంటికి వచ్చి గడప మీద కూర్చుని, "ఇంత మంది గుడ్డోళ్ల నడుమ నేనొక్కదాన్నే కండ్లదాన్నైన" అంది. సొంత కేసులో సొంత సాక్ష్యం చెల్లదని మున్షీ అంతకు ముందే చెప్పాడు. గడువు నాలుగు రోజులుంది. ఆ నాలుగు రోజులూ ఆమె ఒక్కో ఇంటికి రెండేసిసార్లు తిరిగింది. ఆమె వస్తోందంటే తలుపులు పడేవి.

చివరికి ఊళ్ళో ఆ మంట చూశానని నోరు తెరిచి చెప్పుకునే మనిషి ఒక్కడు మిగిలాడు. అవ్వ నన్ను వెంటబెట్టుకుని గడీకి పోయింది. అమ్మ వద్దని ఏడ్చింది. గొడుగు గుమాస్తా అరుగు మీద కూర్చుని తమలపాకులు తుడుచుకుంటున్నాడు.

"అయ్యా, గా మంట నువ్వు సూసినవ్ గద?"

"సూసిన. గడ్డివాము ఎనుక దాసుకోని అంత సూసిన. ఏంది కత?"

"తాలూకాకు వచ్చి గా ఒక్క ముక్క చెప్పు. దండం పెడ్త."

ఆయనకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలోని తమలపాకులు జారిపోయేదాకా నవ్వాడు. తన మీద కేసు గెలవడానికి తననే సాక్ష్యానికి రమ్మన్న మనిషిని ఆయన అంతవరకు చూసి ఉండడు. నవ్వి, నవ్వి, కళ్ళు తుడుచుకుని మెల్లగా అన్నాడు: "చెప్త. ఎవరెవరు ఏమేం తెచ్చి ఏసిండ్రో గూడ చెప్త. కుండ తెచ్చి గుమ్మరించిన ముసల్దాని పేరుతోనే మొదలువెడ్త. నీ కొడుకు పక్కన జైల్ల ఇంకొక జాగా ఖాళీ ఉన్నదంట. పొమ్మంటవా?"

మేము తిరిగి వచ్చేశాం.

పేషీ నాడు తహసీల్దారు కుర్చీలో కొత్తాయన ఉన్నాడు. పోలీసు యాక్షన్ తరువాత కోస్తా వైపు నుంచి వచ్చిన అధికారి, తెల్లగా ఇస్త్రీ చేసిన మనిషి, మాట మెత్తన. గుమాస్తా కాగితం అందించాడు. అది తెలుగులో ఉంది. ఆయన చదివి, పక్కన పెట్టి, "నీ కాగితం ఏదమ్మా?" అన్నాడు.

"గోడకు అవతల ఉన్నది దొరా."

"ఏ గోడకు?"

"గీ గోడకే. పేష్కారు సాబు బీరువల. దొరికిందని ఆయననే చెప్పిండు. జర లేచి నాలుగడుగులేసి సూడుండ్రి, నీ బాంచెన్."

తహసీల్దారు ఆ గోడ వైపు చూశాడు. కచేరీలో ఉన్న అందరూ చూశారు. సున్నం పెచ్చులూడిన మామూలు గోడ. "నేను వెళ్ళి చూడకూడదమ్మా" అన్నాడాయన, చిన్నపిల్లకు చెప్పినట్టు. "అది నా ముందుకు రావాలి. రప్పించడానికి తలబానా అని ఒక రూపాయి కట్టాలి. వచ్చినా అది ఉర్దూలో ఉంటుంది, నాకు ఉర్దూ రాదు. తెలుగులోకి రాయించడానికి మూడు రూపాయలు. ఇవాళ కడితే గడువిస్తాను. ఉన్నాయా?"

మొత్తం నాలుగు రూపాయలు. అవ్వ కొంగుముడిలో ఉన్నది రెండున్నర. నాకు ఆ తీసివేత చేయడానికి రెప్పపాటు కూడా పట్టలేదు. "నాకు ఉర్దూ వస్తది సార్, నేను చదువుత. పైసలు వద్దు" అన్నాను. ఆయన నవ్వి, "నువ్వు సర్కారు కాదు కదమ్మా. బాగా చదువుకో" అన్నాడు. తరువాతి కేసు పిలిచేలోపు మా చెలక దొర పేరున పడింది. బయటికి వచ్చాక అవ్వ నశ్యం మున్షీని నిలదీసింది, ఇట్లా తెప్పించే దారి ఒకటుందని ముందే ఎందుకు చెప్పలేదని. ముందే తెలిస్తే ఇంకో మేకపిల్లను అమ్మేది. "నువ్వు అడగలే గదవ్వా" అన్నాడాయన, నొచ్చుకుని. "అడిగితే చెప్పేటోన్ని. సలహాకు రెండణాలు."

మూట సర్దుకుని బయలుదేరబోతుంటే పేష్కారు వరండాలోకి వచ్చాడు. కాసేపు కళ్ళజోడు దారం సవరించుకుంటూ నిలబడ్డాడు. "ముసలమ్మా, కేసు ఖతమైంది గనక ఇగ ఆ రిజిస్టరు ఎవరన్న చూడొచ్చు. సాక్షులు గూడ అక్కర లేదు. చూసే ఫీజు ఎనిమిదణాలు. గంటసేపు. ముట్టొద్దు, రాసుకోవద్దు" అన్నాడు. పాపం, ఆయన ఓదార్పు మాట చెప్పబోయి ఇంకేం తోచక కాయిదా చెప్పాడని నేననుకుంటాను.

అవ్వ కొంగుముడి విప్పింది. నాకు ఒళ్ళు మండింది. "ఎందుకవ్వా? చెలక పోయె. ఇగ చూసి ఏం చేస్తవ్? ఎనిమిదణాలకు జొన్నలొస్తయి."

"సూస్త" అంది.

లోపలి గదిలో బల్ల మీద రిజిస్టరు తెరిచి పెట్టారు. మేమిద్దరం ఎదుట నిలబడ్డాం. అవ్వకు అక్షరం రాదు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుందని కూడా తెలియదు. "ఏది, ఏడున్నది?" అంటే చేతులు వెనక పెట్టుకుని, గడ్డంతో ఆ వరస చూపించి, గట్టిగా చదివాను. సర్వే నంబరు, మూడెకరాల పది గుంటలు, జొన్న, పట్టాదారు అని, తాత పేరు. ఆ పేరు నా నోట్లోంచి రాగానే అవ్వ కొంగు తీసి నెత్తి మీద కప్పుకుని ఒక అడుగు పక్కకు జరిగింది, ఆయన గదిలోకి వస్తే దారి ఇచ్చినట్టు.

"మల్ల సదువు" అంది. మళ్ళీ చదివాను. ఎన్నిసార్లని? పేష్కారు దగ్గి, "అయ్యిందా ముసలమ్మా?" అన్నాడు. "గంట కాలే" అంది అవ్వ, గోడ గడియారం వంక చూడకుండానే. ఇక ఆ పేరు చదవడం నేను ఆపేస్తే, "పైసలిచ్చినం గద, కడమయి గూడ సదువు" అంది. ఆ పేజీలో తాతతో కలిపి పధ్నాలుగు పేర్లున్నాయి, అందరూ మా ఊరివాళ్ళే. ఒక్కొక్కటే చదివాను. అవ్వ ఒక్కొక్కరి మీద ఒక్కో మాట విసిరింది. "ఓరి నీ! కుమ్మరోనికి రెండెకరాలా? నాతోటి గుంట లేదని ఏడుస్తుండె." "అగో, గిది పెద్దమ్మోళ్లది. గిది గూడ దొర దున్నుకుంటుండు గద?" నిజమే. ఆ పధ్నాలుగింటిలో తొమ్మిది అప్పటికే దొర నాగళ్ళ కింద ఉన్నాయి. రాసుకోవద్దన్నారు కనుక నేను ఎక్కం బట్టీ పట్టినట్టు మొత్తం పేజీ బట్టీ పట్టాను. అంతకన్నా చేయడానికి నాకు ఆ గంటలో వేరే పని లేదు.

మర్నాటి పొద్దుటికే సంగతి ఊళ్ళో పాకింది. పక్కింటి పెద్దమ్మ మా దొడ్డి గోడ పక్కకు వచ్చి అటూ ఇటూ చూసి, "అక్కా, మాది గూడ ఉన్నదటనా? జర పొల్లను అడుగరాదు" అంది. అవ్వ చాటలో రాళ్ళేరుతూ తల ఎత్తకుండా అంది: "ఉన్నది. చూసే ఫీజు సోలెడు జొన్నలు."

"అయ్యో, నా కాడ గూడనా అక్కా?"

"మంట సూడనోళ్లందరికి సోలెడు. నీకు కొంగు కాలింది గనక అర్ధసోల."

వచ్చారు. కుమ్మరి మామ, సావుకారు, కండ్లకలక మామ, ఒక్కొక్కరే, తువ్వాలు చాటున జొన్నలు పట్టుకుని, దొంగసారా కొనడానికి వచ్చినట్టు. నేను గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని వాళ్ళ వరస చెప్పేదాన్ని. వాళ్ళు విని, మళ్ళీ చెప్పించుకుని, తల ఊపి పోయేవాళ్ళు. ఆ ఒక్క వరస పట్టుకుని ఎవరూ ఏ కచేరీకీ పోలేదు, ఎవరికీ ఒక్క గుంట తిరిగి రాలేదు. అయినా వచ్చారు. ఆ జొన్నలు మాకు ఒక నెల గడిపాయి. బాపు రెండేళ్ళకు విడుదలై వచ్చి అదే చెలకను దొర దగ్గర కౌలుకు తీసుకుని దున్నాడు. నవ్వు వచ్చే చోట నవ్వమన్నాను గాని ఇక్కడ కాదు.

అందరికన్నా చివర వచ్చినవాడు డప్పు తాత. ఆయన తెచ్చిన సోల అంచు దాకా నిండి ఉంది. వాకిట్లోనే కూర్చుని, "మా అయ్యకు వాగు పక్కన ఎకరం ఇనాం ఉంటుండె అంటరు బిడ్డా. ఉన్నదా?" అన్నాడు. నేను కళ్ళు మూసుకుని పధ్నాలుగు వరసలూ మొదటి నుంచి చూసుకుంటూ వచ్చాను.

"లేదు తాతా."

"జర మల్ల సూడు."

మళ్ళీ చూశాను. ఈసారి కింది నుంచి పైకి. "లేదు. పేజీ తిప్పనియ్యలే తాతా, వెనక ఉండొచ్చు."

"గట్లనా" అన్నాడు. అవ్వ లేచి ఆయన జొన్నలు ఆయన తువ్వాల్లో తిరిగి పోయబోయింది. ఆయన తువ్వాలు లాక్కున్నాడు. "ఉంచు అమ్మా. పొల్ల రెండుసార్లు సూసింది గద. సూసినందుకు" అని, వంగిన వీపుతో వెళ్ళిపోయాడు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు మధ్యాహ్నాలు కునుకు పట్టనప్పుడు ఆ పేజీని కళ్ళ ముందు తెరుచుకుంటాను. పేర్లు ఇప్పటికీ వరస తప్పవు. పధ్నాలుగూ అయ్యాక కింద కొంచెం జాగా మిగులుతుంది. అక్కడ పదిహేనో వరసలో, నాకు వచ్చిన నాలుగో తరగతి ఉర్దూలో, డప్పు తాత పేరున ఎకరం రాస్తాను. వాగు పక్కన, నీళ్ళు పారే నేల. మొన్న ఎందుకో ఇంకో పది గుంటలు కలిపాను. పాలవాడి దగ్గర రెండు రూపాయలు వదలని మనిషిని, ఈ వయసులో దొంగ పట్టాలు పుట్టిస్తున్నాను. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.